ఆ పొయ్యి మీరు వెలిగించకండి

షికాగో చేరిన తెలుగువాళ్ళలో డెవాన్ అవెన్యూకి సరుకులకు వెళ్ళనివాళ్ళు అరుదు. పటేల్ బ్రదర్స్ తొలి దుకాణం 1974లో తెరిచింది ఆ వీధిలోనే. ఆ వీధిలో ఒక ముక్కకు గాంధీ మార్గ్ అనీ, ఇంకో ముక్కకు గోల్డా మేయిర్ బులవార్డ్ అనీ నగరం గౌరవ నామాలు తగిలించింది. మనవాళ్ళు కందిపప్పు, గోంగూర డిక్కీలో వేసుకుని నేపర్‌విల్‌కో షాంబర్గ్‌కో తిరిగి వెళ్ళిపోతారు. అక్కడే కాలిఫోర్నియా అవెన్యూ వైపు మలుపు తిరిగితే ‘ది ఆర్క్’ ఉంటుంది. 1971 నుంచి చేతిలో డబ్బులేని యూదు కుటుంబాలకు వైద్యం, పంటివైద్యం, సరుకులు ఉచితంగా అందిస్తున్న సంస్థ అది. ఇంతకంటే పాతది ‘మావోత్ చిటీమ్’. 1908 నుంచి అది పండగల ముందు పేద ఇళ్ళకు ఆహారపు పెట్టెలు చేరవేస్తోంది. వృద్ధుల కోసం సి.జె.ఇ. సీనియర్‌లైఫ్ ఉంది. వీటన్నిటికీ వలంటీర్లు కావాలి.

ఈమధ్య ఇలాంటి చోట్ల తెలుగు ముఖాలు కనిపిస్తున్నాయి. జీవితభాగస్వామి ఉద్యోగం మీద వచ్చిన హెచ్-4 వీసాతో ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేనివాళ్ళు, చదువు పూర్తయి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న పిల్లలు. మంచిదే. కాకపోతే వచ్చిన ప్రతివాళ్ళూ పాతవాళ్ళు చేసిన తప్పులే వరసగా, ఒక్కటీ వదలకుండా చేస్తున్నారు. అవన్నీ చేసి అక్షింతలు వేయించుకున్న పాతవాళ్ళలో ఈ వ్యాసకర్త కూడా ఉన్నారు కనుక, ఈ నాలుగు ముక్కలు.

వెళ్ళడం సులువు: రెడ్ లైన్ రైలు దిగి 155 నంబరు డెవాన్ బస్సు ఎక్కితే సరి. పేరు నమోదు, పూర్వాపరాల తనిఖీ కూడా పెద్ద పనేం కాదు. బట్టలు చేతులు, మోకాళ్ళు కప్పేవి వేసుకుంటే చాలు. ఛాందస యూదుల్లో ఆడవాళ్ళూ మగవాళ్ళూ కరచాలనం చేసుకోరు. చెయ్యి చాచి భంగపడేకన్నా మన నమస్కారం హాయి.

వీసా సంగతి మాత్రం రెండు వాక్యాల్లో. మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని హెచ్-4 వాళ్ళు ‘సేవ’ పేరుతో చెయ్యకూడదు, ప్రతిఫలంగా గిఫ్ట్ కార్డు ఇచ్చినా పుచ్చుకోకూడదు. చదువయ్యాక పని అనుభవానికిచ్చే ఓ.పి.టి.లో ఉన్న విద్యార్థులు జీతంలేని పనిని లెక్కలో చూపాలంటే అది చదివిన చదువుకు సంబంధించినదై, వారానికి కనీసం 20 గంటలుండాలి; పప్పు డబ్బాలు సర్దడం డేటా సైన్స్ కిందికి రాదు, యూనివర్సిటీలో అడిగి తెలుసుకోండి.

శుక్రవారం సాయంత్రం ఫోన్ చెయ్యకండి. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు దీపాలు వెలిగించడంతో వాళ్ళ వారపు విశ్రాంతి దినం షబ్బత్ మొదలవుతుంది. శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా ఆచారం పాటించేవాళ్ళు ఫోను ముట్టరు, కారు నడపరు, లైటు స్విచ్చి కూడా వెయ్యరు. డిసెంబరులో షికాగోలో నాలుగున్నరలోపే పొద్దుగూకుతుంది. అంటే మధ్యాహ్నం దాటగానే ఆఫీసుల్లో మనుషులుండరు. ‘మూడు మెసేజీలు పెట్టాను, పలకరేం?’ అని శనివారం పొద్దున అలిగే మహానుభావులకు ఇంకేం చెప్పాలి? ఏకాదశినాడు మన తాతయ్యకి కోడికూర వడ్డించేవాళ్ళా?

ఇక వంటిల్లు. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది చేతులు కాల్చుకునేది ఇక్కడే.

తెనాలి నుంచి వచ్చిన ఒకమ్మాయి నగరం ఉత్తర భాగంలో ఒక కోషర్ వంటశాలలో, అంటే యూదుల ఆహార నియమాలు పాటించే వంటశాలలో, చేరింది. చురుకైన పిల్ల. మొదటివారం కూరగాయలు తరిగింది, అందరూ మెచ్చుకున్నారు. ఆ ఉత్సాహంలో రెండోవారం ఇంటి నుంచి పులిహోర తీసుకెళ్ళింది. చలికాలం కదా, వేడిగా పెడదామని అక్కడి మైక్రోవేవ్‌లో పెట్టింది. గిన్నె తిరుగుతుండగా ఆ నియమాలు కాపలా కాసే పర్యవేక్షకుడు చూశాడు. అంతే, పని ఆగిపోయింది. ఆ మైక్రోవేవ్‌ను మళ్ళీ శుద్ధి చేసేదాకా ఎవరూ వాడకూడదని కాగితం అంటించారు. ఆ పిల్ల కళ్ళనీళ్ళతో అన్న మాట: “మాంసం లేదండీ, వెల్లుల్లి కూడా వెయ్యలేదు!”

శాకాహారం అంటే కోషర్ కాదు. ఇది గోడమీద రాసుకోండి. పంది, రొయ్య, పీత నిషిద్ధమని తెలిస్తే సరిపోదు. మాంసానికీ పాలకీ గిన్నెలు వేరు, గరిటెలు వేరు, చాలాచోట్ల తొట్లూ వేరు. మన నెయ్యి పాలకిందికే వస్తుంది. మాంసం వండే వైపు పాలు పోసిన టీ కప్పు పెట్టినా గొడవే. ఇంటి వంట ఎంత శుభ్రమైనదైనా అది కోషర్ కాని గిన్నెలో ఉడికింది కనుక లోపలికి రాదు. బజారు డబ్బా అయినా దాని మీద గుర్తు ఉండాలి: వలయంలో ‘యు’ అక్షరం, లేదా షికాగో రబ్బీల మండలి ముక్కోణపు ముద్ర. పాస్ఓవర్ పండగ వస్తే ఇంకా బిగుసుకుంటుంది. గోధుమ, బార్లీ, ఓట్స్‌తో పొంగినదేదీ ఉండకూడదు. తూర్పు యూరపు నుంచి వచ్చిన కుటుంబాల్లో ఆ వారం బియ్యం, పప్పులు కూడా ముట్టరు. మన వంటకు ఇంకేం మిగిలింది?

కథ అక్కడితో అయిపోలేదు. కొన్ని వారాల తర్వాత అదే అమ్మాయి సూపు గిన్నె పొయ్యి మీదుండటం చూసి, ఎవరూ పట్టించుకోవట్లేదనుకుని, మంట వెలిగించింది. సాయం చేద్దామనే. పర్యవేక్షకుడు పరుగున వచ్చి మంట ఆర్పి, తనే మళ్ళీ వెలిగించాడు. సూపు సగమైనా ఉడకలేదు కాబట్టి పారబొయ్యలేదు. కూరలు కడిగింది, తరిగింది, గిన్నెలో వేసింది కూడా ఆమే. దానికెవరికీ అభ్యంతరం లేదు. కానీ వంటకు మంట మాత్రం యూదు చేతిమీదుగా పడాలన్నది వాళ్ళ నియమం. కాబట్టి మళ్ళీ చెప్పాలి: కత్తి పట్టుకోండి, చీపురు పట్టుకోండి, పెట్టెలు మొయ్యండి. పొయ్యి మీట ముట్టకండి. ఓవెన్ మీట కూడా. ‘కాస్త సిమ్‌లో పెట్టనా?’ అని ఆలోచన వస్తే చేతులు వెనక్కి కట్టుకుని అడగండి.

దీన్ని మనవాళ్ళు రెండు రకాలుగా తీసుకుంటారు. కోనసీమలోనో పల్నాడులోనో మడికట్టుకున్న నాయనమ్మల కింద పెరిగినవాళ్ళకి ఇది అచ్చంగా ఆ వంటిల్లే. ఇత్తడి గిన్నెకు శుద్ధి ఉండేది, మట్టికుండ అంటుపడితే పెరట్లోకి పోయేది. ఇక్కడా అంతే: లోహపు పాత్రను మరిగే నీళ్ళలో ముంచి బాగుచేస్తారు, మట్టిపాత్రకు విముక్తి లేదు. ఆవకాయ జాడీని తడిచేత్తో ముట్టినందుకు వీపు విమానం మోత మోగించిన ఆ ముసలమ్మ పోయి ఎన్నేళ్ళైనా, మంచు కురిసే ఊళ్ళో గడ్డపు పర్యవేక్షకుడి గొంతులో ఆమె కేక వినిపిస్తే కొందరికి ఏడుపొస్తుంది, ఆ కేక కోసం కాదు, ఆ జాడీలో ఊరుతున్న ముక్కల వాసన కోసం. ఊరెళ్ళి ఎన్నాళ్ళైందో లెక్కపెట్టుకునే రోజులవి.

రెండోరకం వాళ్ళకి ఆ మడి గుమ్మం బయట నిలబడిన జ్ఞాపకం ఉంటుంది. నువ్వు ముడితే పనికిరాదు అనే మాట వాళ్ళకి కొత్త కాదు. అది గుచ్చుకుంటే తప్పు వాళ్ళది కాదు. మంట నియమం పుట్టిందే పరాయివాళ్ళతో సంబంధాలు కలుపుకోకుండా ఉండటానికని వాళ్ళ పండితులే చెబుతారు, దాన్ని దాచనక్కర్లేదు. అయితే అదే వంటశాలలో యూదులూ బయటివాళ్ళూ పక్కపక్కనే నుంచుని పని చేస్తారు, ఒకే బల్ల దగ్గర తింటారు. ఇష్టం లేనివాళ్ళు వంటిల్లు వదిలి సరుకులు సర్దే గదిలోనో, వృద్ధుల ఇళ్ళకు వెళ్ళే పనిలోనో చేరవచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు. ఆకుకూరల్లో పురుగుల కోసం ఒక్కొక్క ఆకూ వెలుతురుకు పట్టి చూసే పని కూడా ఉంటుంది. చేటలో బియ్యం ఏరిన చేతులకి అది పనేనా?

ఇంకొక్క సంగతి. పెట్టెలు చేరవేయడానికి సొంత కారులో వెళ్ళేవాళ్ళు ముందు కారు చుట్టూ ఒకసారి తిరగండి. అరోరా బాలాజీ గుడిలో కొత్తకారుకి పూజ చేయించి, బానెట్ మీద కుంకుమతో స్వస్తిక వేయించుకుని అలాగే స్కోకీ వెళ్ళిన ఘనులున్నారు! నాజీ శిబిరాల నుంచి బయటపడ్డవాళ్ళు వేలమంది స్థిరపడ్డ ఊరది. 1977లో అమెరికన్ నాజీ గుంపు ఒకటి అక్కడ ఊరేగుతామని పట్టుబడితే వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2009లో ఇల్లినాయ్ హోలోకాస్ట్ మ్యూజియం తెరిచిందీ అక్కడే. మన గుర్తు వేరు, మన చరిత్ర వేరు అని తొంభై ఏళ్ళ ముసలామెకు ఆమె గుమ్మంలో నిలబడి పాఠం చెబుతారా? తుడిచి వెళ్ళండి. దేవుడేమీ అనుకోడు.

డిసెంబరు 25న క్రైస్తవ ఉద్యోగులకు సెలవు దొరకాలని ఆస్పత్రుల్లో, అన్నదాన కేంద్రాల్లో యూదు వలంటీర్లు వాళ్ళ పని అందుకోవడం ఆనవాయితీ. ఆ రోజు మనవాళ్ళకీ సెలవే, ఇంట్లో సినిమా తప్ప పనీ ఉండదు కనుక వాళ్ళతో చేరవచ్చు.

మావోత్ చిటీమ్ పెట్టెలు ఏటా రెండుసార్లు బయలుదేరతాయి: పాస్ఓవర్‌కు ముందు మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో, యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానాకు ముందు సెప్టెంబరు ప్రాంతంలో. మొదటిది ఇంచుమించు మన ఉగాది రోజుల్లోనే. లైసెన్సు, కారు ఉన్నవాళ్ళు పండగ దాకా ఆగకుండా ముందే పేరివ్వండి, పెట్టెలు మొయ్యడానికి ఇంకొకరిని వెంటబెట్టుకుని వెళ్ళండి.