పర్యావరణ హిత మానవ వనరుల నిర్వహణ

ఉద్యోగుల ఎంపిక, శిక్షణ, పనితీరు మదింపు, ప్రోత్సాహకాలు మొదలైనవాటిని కలిపి మానవ వనరుల నిర్వహణ అంటారని మేము పీజీలో చదువుకున్నాం. వీటన్నిటిలో పర్యావరణ రక్షణను కూడా ఒక లక్ష్యంగా చేరిస్తే అది హరిత మానవ వనరుల నిర్వహణ అవుతుంది.

కొత్త యంత్రాలు తెస్తే కాలుష్యం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. కానీ యంత్రం దగ్గర నిలబడేది మనిషి. అతనికి మూడు కావాలని ఈ శాస్త్రం చెబుతుంది.

1. సామర్థ్యం: వ్యర్థాలను వేరు చేయడం, రసాయనాలను జాగ్రత్తగా వాడడం నేర్పాలి.

2. ప్రేరణ: నీరు, కరెంటు ఆదా చేసినవారిని గుర్తించి బహుమతి ఇవ్వాలి.

3. అవకాశం: తన ఆలోచనను పైవారికి చెప్పే వీలుండాలి.

తరచుగా మరచిపోయేది మూడోదాన్నే. మా నాన్న ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. ఏ వాల్వు కారుతోందో, ఎక్కడ నీళ్లు వృథాగా పోతున్నాయో ఆయనకు తెలుసు. "మరి చెప్పలేదా నాన్నా?" అంటే, "మమ్మల్ని ఎవరడిగారురా?" అన్నారు. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది మేమే. ఆ మాటకు జవాబు ఏ నోట్సులోనూ మాకు దొరకలేదు.

అడిగితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. అమెరికాకు చెందిన త్రీఎం కంపెనీ 1975లో కాలుష్య నివారణకు ఒక పథకం ప్రారంభించింది. కాలుష్యం వెలువడ్డాక శుద్ధి చేయడం కాదు, అసలు పుట్టకుండా ఆపడం దాని సూత్రం. ముడిసరుకు మార్చడం, తయారీ పద్ధతి సవరించడం, వ్యర్థాలను తిరిగి వాడడం వంటి ప్రతిపాదనలను ఉద్యోగులే స్వచ్ఛందంగా తెచ్చారు. కాలుష్యంతో పాటు కంపెనీ ఖర్చు కూడా తగ్గింది.

మన దేశంలో స్టాక్ మార్కెట్‌లో నమోదైన మొదటి 1000 పెద్ద కంపెనీలు 2022-23 నుండి పర్యావరణ, సామాజిక బాధ్యతలపై ఏటా నివేదిక ఇవ్వాలని సెబీ నిబంధన. అందులో పర్మనెంటు కాని కార్మికుల సంఖ్య కూడా చూపాలి. అంటే మా నాన్నలాంటి వారు లెక్కలోకి వచ్చారు. ఇక మాటలోకి రావాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ పాఠాన్ని మన హాస్టల్లోనే మొదలుపెట్టవచ్చు. ఎంత అన్నం పారబోస్తున్నామో వంటమనిషికి తెలుసు. ఏ కుళాయి కారుతోందో కామాటికి తెలుసు. నెలకొకసారి వార్డెన్‌గారి సమక్షంలో వారినీ కూర్చోబెట్టి అడుగుదాం. రేపు మనలో ఎవరైనా హెచ్.ఆర్. ఆఫీసరైతే, మొదటి ప్రశ్న చీపురు పట్టిన చేతినే అడగాలి.