నల్లకోటు ఏ దేశంలో?

బహదూర్‌పల్లిలో పొద్దున్నే రోడ్డెక్కితే కనపడేవన్నీ ఇంజనీరింగ్ కాలేజీ బస్సులే. అందుకే ఇంటర్ చదివే పిల్ల "లా చదువుతానమ్మా" అంటే ఇంట్లో ఒక్కసారిగా మాటలు ఆగిపోతాయి. కంగారు పడకండి. మహీంద్రా యూనివర్సిటీ లా స్కూలు మన ఊళ్లోనే ఉంది. శామీర్‌పేటలో నల్సార్ లా యూనివర్సిటీ 1998లోనే వచ్చింది. దేశం నలుమూలల నుంచి పిల్లలు వెతుక్కుంటూ వచ్చే చోటది.

ఆ తర్వాత డాలస్ నుంచి బాబాయి ఫోన్ వస్తుంది: "లా అయితే ఇక్కడికే పంపండి." ప్రేమతో అన్న మాటే. కానీ కంప్యూటర్ ప్రోగ్రాం రాయడం ఎక్కడైనా ఒకటే, చట్టం అలా కాదు. ఏ దేశం చట్టం ఆ దేశానిదే. కాబట్టి ఏ కాలేజీ అని అడిగే ముందు, ఏ కోర్టులో నిలబడాలని ఉందో పిల్లనే అడగండి.

అమెరికాలో ఇంటర్ కాగానే లా సీటు ఇవ్వరు. నాలుగేళ్ల డిగ్రీ అయ్యాకే జేడీ అనే మూడేళ్ల లా డిగ్రీ. అంటే ఏడేళ్లు, అదీ డాలర్లలో. ఇంగ్లండ్‌లో ఇంటర్ తర్వాతే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఉంది. ఆక్స్‌ఫర్డ్ లాంటి చోట్ల చేరాలంటే ఎల్‌నాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అయితే విదేశీ డిగ్రీతో తిరిగొచ్చి ఇక్కడ వాదించాలంటే అది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన డిగ్రీ అయి ఉండాలి, ఆపైన అర్హత పరీక్షా రాయాలి. డబ్బు కట్టేశాక ఈ సంగతి తెలిస్తే ఆ బాధ ఇంతా అంతా కాదు. ఇక్కడ అయిదేళ్ల కోర్సు చదివి, అప్పటికీ మనసు విదేశం వైపే ఉంటే ఏడాది ఎల్‌ఎల్‌ఎంకి వెళ్లొచ్చు. నాకు ఈ దారే మేలనిపిస్తుంది.

నల్సార్ అయిదేళ్ల కోర్సుకు క్లాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటర్‌లో 45 శాతం, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 40 శాతం మార్కులు ఉండాలి. రెండు గంటల్లో 120 ప్రశ్నలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. చాలామంది తల్లిదండ్రులు ఏమరుపాటు పడేది తేదీ దగ్గరే. ఈమధ్య క్లాట్ డిసెంబరులో జరుగుతోంది, అంటే ఇంటర్ పరీక్షలకు ముందే. పబ్లిక్ పరీక్షలయ్యాక చూద్దామనుకుంటే ఏడాది పోయినట్టే. క్లాట్ కుదరకపోతే మన రాష్ట్ర ప్రవేశ పరీక్ష లాసెట్ ఉంది. అందులో తెలుగులోనూ ప్రశ్నలిస్తారు, తప్పు జవాబుకు కోత లేదు. డిగ్రీ అయ్యాక మనసు మళ్లినవాళ్లకు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఎలాగూ ఉంది.

కోచింగ్ సంగతి తర్వాత. క్లాట్‌లో ప్రతి ప్రశ్న వెనకా ఒక పొడుగాటి పేరా ఉంటుంది, చదవడం అలవాటు లేకపోతే అక్కడే చతికిలబడతారు. మీరు కూరగాయలు తరుగుతుంటే పిల్లను పక్కన కూచోబెట్టుకుని ఇంగ్లిష్ పేపర్లో సంపాదకీయం చదవమనండి. చదివాక పేపరు మడిచి, అందులో ఏముందో మీకు తెలుగులో చెప్పాలి. మొదటి వారం "ఏదో ప్రభుత్వం గురించమ్మా" అని తప్పించుకుంటుంది. ఊరుకోండి. నెల తిరిగేసరికి "వాళ్లు ఇలా అంటున్నారు కానీ, అది తప్పమ్మా" అని మీతో వాదన పెట్టుకుంటుంది. అప్పుడు కత్తిపీట పక్కన పెట్టి వినండి.

సెలవుల్లో ఒకరోజు మేడ్చల్ కోర్టుకు తీసుకెళ్లండి. పిల్లను వెనక బల్లమీద కూచోబెట్టి, ఫైళ్లు పట్టుకుని పిలుపు కోసం కాచుకున్న వాళ్లను చూడనివ్వండి. తిరిగొచ్చేటప్పుడు మీరేమీ అడగొద్దు. చెప్పాలనుంటే బస్సు బహదూర్‌పల్లి చేరేలోపు తనే చెబుతుంది.