ఆదివారం చికెన్, సోమవారం టిఫిన్

సోమవారం ఉదయం ఖాళీ కడుపుతో షిఫ్టుకు పరుగెత్తే అలవాటు మీకుందా? ఈ వారంతో మానేస్తున్నారు. మీరు మానగలరు.

తడలోనో, వరదయ్యపాళెంలోనో రూం తీసుకుని శ్రీసిటీలో పనిచేస్తున్నారనుకుందాం. కంపెనీ బస్సు మీకోసం ఆగదు. సూళ్లూరుపేట నుంచి చెన్నై వెళ్లే లోకల్ రైలూ ఆగదు. పిండి రుబ్బి దోసె పోసుకునే ఓపిక ఉండదు. సరే, పది నిమిషాలు దొరుకుతాయి కదా? చాలు. చికెన్ శాండ్‌విచ్ తిని బయల్దేరవచ్చు.

అసలు పనంతా ఆదివారానిదే. కూర దించగానే, ఇంకా ఎవరికీ వడ్డించకముందే, నాలుగైదు మెత్తని ముక్కలు డబ్బాలోకి తీయండి. మిగిలితే చూద్దాం అనుకుంటే ఏమీ మిగలదు. జీతం పడగానే చీటీ డబ్బు పక్కన పెట్టేవాళ్లను చూడండి. వాళ్ల మైండ్‌సెట్ అదే. ముందు తీసిపెడతారు, తర్వాత ఖర్చుపెడతారు.

ఇక్కడ ఒక్క విషయంలో రాజీ వద్దు. వండిన చికెన్ రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. ఎండ 32 డిగ్రీలు దాటితే గంటలోపే. మన తడ ఎండలు మీకు తెలుసు, కాబట్టి గంట అనే లెక్క పెట్టుకోండి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో బాక్టీరియా వేగంగా పెరుగుతుంది. గిన్నె నిండా ఉన్న కూర గంటలతరబడి వెచ్చగానే ఉంటుంది. అందుకే వెడల్పాటి పళ్లెంలో పరిచి, చల్లార్చి, మూతపెట్టి లోపల పెట్టండి. మూడు నాలుగు రోజులు దాటితే పారేయండి. రూంలో ఫ్రిజ్ లేదా? అయితే కోడి తక్కువ కొనండి, ఆ పూటే పూర్తిచేయండి. అదీ డిసిప్లినే.

సోమవారం లేవగానే ఇలా చేయండి:

1. ఎముకలు తీసేసి, ముక్కల్ని వేళ్లతో పీచులుగా చీల్చండి.
2. పెనం మీద వేసి పొగలు వచ్చేదాకా వేడిచేయండి. ఇగురు పూర్తిగా ఇంకిపోవాలి. తడి మిగిలితే బ్రెడ్ నానిపోతుంది.
3. మంట ఆపి సన్నగా తరిగిన ఎర్రగడ్డ, కొత్తిమీర, మిరియాల పొడి, నిమ్మరసం కలపండి. ఉప్పు రుచి చూశాకే వేయండి. కూరలో ఇప్పటికే ఉంది.
4. బ్రెడ్‌కు వెన్న రాసి అదే పెనం మీద కాల్చండి. మధ్యలో చికెన్ పెట్టి నొక్కండి. అయిపోయింది.

మయొనైజ్ కావాలనిపిస్తోందా? పచ్చి గుడ్లతో చేసిన మయొనైజ్‌ను 2024 అక్టోబరు 30 నుంచి తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. కారణం ఫుడ్ పాయిజనింగ్ భయం. మీరు పెరుగును పలుచని గుడ్డలో కట్టి రాత్రంతా ఫ్రిజ్‌లోనే వడకట్టండి. ఆ గట్టి పెరుగు రెండు స్పూన్లు చాలు. నాకైతే మయొనైజ్ కన్నా ఇదే రుచి, కూర మసాలాకు చక్కగా కుదురుతుంది.

ఇంట్లోనే కూర్చుని తినేయండి. మధ్యాహ్నానికి బాక్సులో పెట్టుకుని తిరగొద్దు, ఇందాక చెప్పిన గంట లెక్క దీనికీ వర్తిస్తుంది.

మొదటి వారం బ్రెడ్ కాస్త మాడవచ్చు. పర్వాలేదు, మళ్లీ చేయండి. రెండో వారానికి చేతులకు దారి తెలుస్తుంది. అప్పుడు ఇంకో అడుగు వేయండి: రూంమేట్‌కు కూడా ఒకటి చేయండి. మీరు నిద్రలేవకపోతే తనే వచ్చి లేపుతాడు!

ఈ ఆదివారం చికెన్ షాపు నుంచి వచ్చేటప్పుడే బ్రెడ్ ప్యాకెట్, చిన్న వెన్న డబ్బా, రెండు నిమ్మకాయలు తెచ్చేసుకోండి. బ్రెడ్ మీద తేదీ చూసి మరీ కొనండి.