మన దినముల లెక్క



పాఠశాలలో మనము ధనమును, ధాన్యమును, భూమిని లెక్కించుట నేర్చుకొనుచున్నాము. మన యాయుష్షును లెక్కించు పనిని మాత్రము పెక్కుమంది వార్ధక్యమునకు విడిచిపెట్టుదురు. మోషే ప్రార్థనయను పేరుగల 90వ కీర్తన నరుని యాయుష్షు డెబ్బది యేండ్లనియు, బలముండినచో నెనుబది యనియు దెలుపుచున్నది. అయినను అందలి ప్రార్థన యధిక దినముల కొరకు గాదు; ఉన్న దినములను లెక్కింప నేర్చు వివేకము కొరకు. ఆ వివేకమునకు దృష్టాంతము మన సీమలోనే, మహబూబాబాదు జిల్లాయందలి డోర్నకలులో, గలదు.

వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలో నొక గ్రామ గురువునకు కుమారుడుగా జన్మించిరి. 1909లో గురుపట్టము పొంది, సువార్తికుడై డోర్నకలునకు వచ్చిరి. అప్పటికి వారికి ముప్పదియైదవ యేడు నడచుచుండెను. వారి యాయుష్షులో సగము గడచిపోయెను. కాని యా సంగతి వారికి దెలియదు. తెలుగు వారి మాతృభాష గాదు. అయినను దానిని నేర్చి, యీ ప్రజలనే తనవారినిగా జేసికొనిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులై, ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పు అయిరి.

వారి సంఘములలో నధికులు మాల మాదిగ పల్లెలవారు, కూలి చేసి బ్రదుకువారు. అట్టి యిండ్లలోని స్త్రీలు వంటకు ముందు పిడికెడు బియ్యము దేవుని పనికై వేరుగా నుంచెడివారు. పిడికెడు స్వల్పమే, కాని లేమిగల యింట నది యాకలిలో నొక భాగము. మన కాలమును నట్టిదే. మిగిలినది యిచ్చుట సులభము. కొరతలోనుండి యిచ్చుటయే కానుక.

అజరయ్యగారు కోరిన కార్యములలో కొన్నిటిని కన్నులార జూచిరి. డోర్నకలు మహాదేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. కాని వారి హృదయమునకు మిక్కిలి ప్రియమైన కార్యము వేరొకటి గలదు. భిన్న శాఖల క్రైస్తవులు ఏక సంఘము కావలెనని 1919లో తరంగంబాడిలో సమావేశమైన నాటినుండి కడవరకు వారు పాటుపడిరి. 1945 జనవరి 1న, డెబ్బది యేండ్లు నిండిన వయస్సున, డోర్నకలులో కన్నుమూసిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న మద్రాసులో నేర్పడెను. ఆ దినమును వారు చూడలేదు. మోషేయును నెబో కొండమీదినుండి వాగ్దత్త దేశమును జూచెనే గాని యందు బ్రవేశింపలేదు.

అట్లయిన వీరి ప్రయాసము వ్యర్థమా? కాదు. పని మనది మాత్రమే యైనచో మన మరణముతో నది యంతమగును. పని దేవునిదైనచో, మన చేయి జారిన చోట మరియొక చేయి దానిని బట్టుకొనును. నిత్యజీవము గలదు గనుక ఈ స్వల్ప జీవితము తృణప్రాయమని కొందరు తలంతురు, అది పొరపాటు. తలాంతుల యుపమానములో యజమానుడు తిరిగి వచ్చునని యెరిగినవానికే తనకప్పగింపబడినదానిని గూర్చి జాగ్రత్త యెక్కువగా నుండవలెను గదా!

డెబ్బది యేండ్లు అందరికిని లభింపవు. యౌవనముననే రాలినవారిని మన కుటుంబములలో నెరుగుదుము. ప్రభువైన యేసు బహిరంగ సేవయు సుమారు మూడేండ్లు మాత్రమే. కావున జీవితపు విలువను సంవత్సరముల సంఖ్యతో గొలువరాదు.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలోని బాలబాలికలారా, ప్రతిదినమును పిడికెడు కాలమును వేరుగా నుంచుడి. చదువురాని యవ్వకు ఉత్తరము చదివి వినిపింపుడి. వెనుకబడిన తోటివానికి లెక్క నేర్పుడి. రోగి మంచము ప్రక్కన గొంతసేపు గూర్చుండుడి. తలిదండ్రులారా, బిడ్డలను మార్కులను గూర్చి యడిగినప్పుడు, నేడెవరికి సహాయపడితివని కూడ నడుగుడి. రాత్రి ప్రార్థనవేళ ఈ లెక్కను దేవుని యెదుట నప్పగించువాడు, తనకెన్ని దినములు మిగిలియున్నవో యెరుగకున్నను, భయములేక నిద్రింపగలడు.