పర్పుల్ క్యాప్ చూసి వేలం పాడకండి
(ఫాంటసీ ఆటలపై పాఠకుల ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: నాది చెన్నై మనలిలో షిఫ్టు డ్యూటీ. ఐపీఎల్ మొదలయ్యే ముందు మేం ఎనిమిది మంది స్నేహితులం కాగితం మీద వేలం వేసుకుని జట్లు కట్టుకుంటాం. డబ్బు సంగతి లేదు, ఒక్కొక్కరికి వంద పాయింట్లు, అంతే. సీజనంతా అదే జట్టు. వికెట్‌కు 25, బౌల్డయినా ఎల్‌బీడబ్ల్యూ అయినా మరో 8. ఎకానమీ 7 లోపుంటే 6 కలుపుతాం, 10 దాటితే 6 కోస్తాం. 2025లో నేను 32 పాయింట్లు హర్షల్ పటేల్ మీదే పోశాను, అంతకు ముందేడు పర్పుల్ క్యాప్ అతనిదే కదా అని. ఆఖరి స్థానం నాకే దక్కింది. బౌలర్లను ఏ వరసలో రాసుకోవాలి?

జవాబు: మీరు చేసిన పొరపాటు చాలామంది చేసేదే. సీజన్లో అందరికంటే ఎక్కువ వికెట్లు తీసినవాడికిచ్చే పర్పుల్ క్యాప్ గడిచిపోయిన సీజన్ సంగతి చెబుతుంది, రాబోయేదాని గురించి పెద్దగా చెప్పదు. హర్షల్ లెక్కే చూడండి: 2021లో 32 వికెట్లు, 2022లో 19, 2023లో 14, 2024లో మళ్లీ 24, మీరు కొన్న ఏడాది 16. 2008 నుంచి 2025 దాకా ఆ టోపీని వరసగా రెండేళ్లు పెట్టుకున్నవాడు ఒక్క భువనేశ్వర్ కుమారే. 2016, 2017లలో, అదీ మన హైదరాబాద్ జట్టుకు ఆడుతూ.

ఇప్పుడు మీ పాయింట్ల పద్ధతినే తీసుకుందాం. 2024లో హర్షల్‌కు 14 మ్యాచ్‌లలో 24 వికెట్లు, బుమ్రాకు 13 మ్యాచ్‌లలో 20. వికెట్ల వరకే చూస్తే మ్యాచ్‌కు హర్షల్‌కు 43 పాయింట్లు, బుమ్రాకు 38 పైచిలుకు. తేడా నాలుగైదు పాయింట్లు. కానీ ఆ సీజన్లో హర్షల్ ఓవర్‌కు 9.73 పరుగులిచ్చాడు, బుమ్రా 6.48. అంటే బుమ్రాకు చాలా రాత్రులు మీ ఆరు పాయింట్లు కలుస్తాయి, హర్షల్‌కు కొన్ని రాత్రులు ఆరు ఊడతాయి. పైన కనిపించిన తేడా అక్కడే చెరిగిపోతుంది. మీరు వేలంలో పాడింది టోపీకి, ఆ టోపీకేమో మీ పట్టికలో పాయింట్లే లేవు!

వికెట్ల సంఖ్య కంటే ముందు చూడాల్సింది కెప్టెన్ బంతి ఎప్పుడిస్తాడన్నది. ప్రతి బౌలర్‌కూ ఉన్నవి 24 బంతులే. కొత్త బంతితో రెండు ఓవర్లు, చివర్లో రెండు వేసేవాడికి వికెట్లు రాలతాయి, ఎందుకంటే చివర్లో బ్యాటర్లు కళ్లు మూసుకుని ఊపుతారు. అదే ఊపుడుకు సిక్సర్లూ పడతాయి కాబట్టి మీలా ఎకానమీ లెక్కించేవాళ్లు చివరి ఓవర్ల బౌలర్‌కు కాస్త ధర తగ్గించి పాడాలి. మధ్య ఓవర్లలో నాలుగూ వేసే మంచి స్పిన్నర్ మీలాంటి పట్టికకు సరిగ్గా అతుకుతాడు. 2025లో చెన్నై పాయింట్ల పట్టికలో అట్టడుగున ఉన్నా నూర్ అహ్మద్‌కు 24 వికెట్లు వచ్చాయి. ఆ ఏడాది అతనికంటే ఎక్కువ తీసింది ఒక్క ప్రసిధ్ కృష్ణే, 25. బౌలర్‌ను కొనడానికి అతని జట్టు గెలవనక్కర్లేదు. అతని చేతికి బంతి వస్తే చాలు.

తర్వాత ఒంటి సంగతి. వెన్నునొప్పితో బుమ్రా 2023 సీజన్ మొత్తం ఆడలేదు, 2025లో మొదటి నాలుగు మ్యాచ్‌లకు లేడు. అయినా ఆ ఏడాది 12 మ్యాచ్‌లలోనే 18 వికెట్లు తీశాడు. నా పట్టికలో మొదటి పేరు అతనిదే. కాకపోతే వేలంలో అతనికి పెట్టినంతా పెట్టేసి, పక్కన పనికొచ్చే ఇంకో పేసర్ లేకుండా మాత్రం కూర్చోకండి.

ప్రశ్న: రాత్రి మ్యాచ్‌కు టాస్ ఏడు గంటలకు. ఆ వేళకు నేను డ్యూటీలో ఉంటాను, ఫోన్ గేటు దగ్గరే పెట్టేయాలి. పదకొండు మందిలో ఎవరున్నారో తెలియకుండా కెప్టెన్ను ఎలా ఎంచుకోను?

జవాబు: కెప్టెన్‌కు రెట్టింపు పాయింట్లు గనక ఆ చోటు తుదిజట్టులో తప్పకుండా ఉండేవాడికే ఇవ్వండి. మెరుపువీరుడు కాకపోయినా ఫర్వాలేదు. మ్యాచ్ మధ్యలో ఒకరి బదులు మరొకరిని దింపే ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన వచ్చాక ఈ చిక్కు పెరిగింది. ఆ నిబంధన కింద మొట్టమొదట దిగింది కూడా బౌలరే. 2023 మార్చి 31న అహ్మదాబాద్‌లో మన గుంటూరు అంబటి రాయుడు బయటికి వస్తే తుషార్ దేశ్‌పాండే లోపలికి వెళ్లాడు. ఆ రాత్రి 3.2 ఓవర్లలో 51 పరుగులిచ్చాడు పాపం. అది చూసి అతన్ని వదిలేసినవాళ్లు తర్వాత చింతించి ఉంటారు, ఎందుకంటే ఆ సీజన్లో చెన్నై తరఫున ఎక్కువ వికెట్లు అతనివే, 21. ఒక్క రాత్రి చూసి బౌలర్‌ను మార్చేయకండి. డ్యూటీ ఉన్న రోజు జట్టును మధ్యాహ్నమే ఖాయం చేసి, ఇక దాని గురించి ఆలోచించకండి.

ప్రశ్న: చేపాక్‌లో మ్యాచ్ అంటే కళ్లు మూసుకుని స్పిన్నర్లను పెట్టేయొచ్చా?

జవాబు: కళ్లు మూసుకుని వద్దు. 2019 మార్చి 23న బెంగళూరు ఇక్కడే 70కి కుప్పకూలింది. ఇమ్రాన్ తాహిర్ 9 పరుగులిచ్చి మూడు తీస్తే, హర్భజన్ ఇంకో మూడు తీశాడు. మన మనసుల్లో నాటుకుపోయిన చేపాక్ అది. కానీ 2024 మే 24న ఏం జరిగింది? రెండో క్వాలిఫయర్‌లో హైదరాబాద్ స్పిన్నర్లు షాబాజ్ అహ్మద్, అభిషేక్ శర్మ కలిసి ఐదు వికెట్లతో రాజస్థాన్‌ను కట్టడి చేశారు. రెండు రోజులు తిరిగేసరికి అదే మైదానంలో, ఈసారి ఎర్రమట్టి పిచ్ మీద, ఫైనల్. కోల్‌కతా పేసర్ స్టార్క్ మొదటి ఓవర్లోనే అభిషేక్‌ను బౌల్డ్ చేశాడు, హైదరాబాద్ 113కే ఆలౌట్. మూడు వికెట్లు తీసిన రస్సెల్ కూడా పేసరే. మైదానం పేరు చూసి కాదు, ఆ రోజు ఏ మట్టి పిచ్ మీద ఆట అన్నది చూసి పేర్లు రాయండి.

ప్రశ్న: మా అల్లుడుగారు డల్లాస్‌లో ఉంటారు. వాళ్ల ఆఫీసు ఫాంటసీ బేస్‌బాల్‌లో నన్నూ చేర్చారు. 'మామయ్యా, స్టార్టింగ్ పిచర్లను మీరు చూసుకోండి' అన్నారు. నాకు ఆ ఆట ఓనమాలు రావు. ఎట్లా?

జవాబు: మీరు చేపాక్ గ్యాలరీలో కూర్చున్నవారైతే సగం వచ్చేసినట్టే. స్టార్టింగ్ పిచర్ అంటే మ్యాచ్ మొదలుపెట్టి ఒంటిచేత్తో ఐదారు ఇన్నింగ్స్ లాగే బౌలర్. భుజం అలిసిపోతుంది కాబట్టి అతని వంతు ఐదారు రోజులకోసారే వస్తుంది. 1980లో న్యూయార్క్‌లో డేనియల్ ఒక్రెంట్, అతని స్నేహితులు రోటిసరీ లీగ్ పేరుతో మొదలుపెట్టిందే ఈ ఫాంటసీ బేస్‌బాల్. మన ఫాంటసీ క్రికెట్‌కు పెద్దన్న అనుకోండి.

అక్కడా మన పర్పుల్ క్యాప్ లాంటి మాయ ఒకటుంది. పిచర్ పేరిట 'గెలుపులు' లెక్కిస్తారు. కానీ గెలవాలంటే అతని జట్టు పరుగులు కొట్టాలిగా! పిట్స్‌బర్గ్ కుర్రాడు పాల్ స్కీన్స్ 2025లో తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.97 పరుగులే ఇచ్చి తన లీగ్‌లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు. గెలుపోటములు మాత్రం 10-10. గెలుపులు చూసి పట్టిక వేస్తే అతను ఎక్కడో కింద పడతాడు. మీరు స్ట్రైకౌట్లు చూడండి. బ్యాటర్‌ను సొంతంగా వెనక్కి పంపడం అది, మన బౌల్డ్ లాంటిది, ఫీల్డర్ల పుణ్యం కాదు. డెన్వర్ మైదానం సముద్రమట్టానికి మైలు ఎత్తున ఉంటుంది, పల్చటి గాలిలో బంతి దూరం పోతుంది. అక్కడ ఆడే రోజు మీ పిచర్‌ను బెంచీ మీదే ఉంచండి. మోచేతి ఆపరేషన్ అయినవాడైతే ఏడాది పైనే రాడు, బుమ్రా వెన్ను గుర్తు తెచ్చుకోండి. స్కీన్స్, డెట్రాయిట్ తారిక్ స్కూబల్, వీరిలో ఎవరు దొరికినా వదలకండి.

మీ అల్లుడుగారికి ఈ ముక్క కూడా చెప్పండి. స్కీన్స్ ఆడే ఆ పిట్స్‌బర్గ్ క్లబ్బే 2008లో రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లను పిచర్లుగా చేర్చుకుంది. ఈ రింకూ మన కోల్‌కతా జట్టు రింకూ కాడు.

ప్రశ్న: మనిషికి ఐదొందలు వేసుకుని ఆన్‌లైన్‌లో ఆడితే మజాగా ఉంటుంది కదా?

జవాబు: వద్దు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. డ్రీమ్ లెవెన్ సైతం డబ్బు పోటీలు ఆపేసింది. ఓడినవాళ్లు బిరియానీ పెట్టించాలన్న పందెం చాలు.

ఇకపై లేఖ రాసేవారు మీ లీగ్ పాయింట్ల పద్ధతి కూడా జతచేయండి. అది లేకుండా వచ్చే 'ఎవరు బెస్ట్ బౌలర్?' ప్రశ్నలకు నేను జవాబు రాయను.