పెంపుడు పిల్లికి మధుమేహం: గుర్తింపు, సంరక్షణ

మనుషులను పీడించే మధుమేహం పిల్లులకూ వస్తుందని నాకు మా తొమ్మిదేళ్ల ‘బంగారు’ వల్లనే తెలిసింది. అది నీళ్ల గిన్నెను పదే పదే ఖాళీ చేస్తుంటే ఎండల ప్రభావమనుకున్నాను. బాగా తింటూనే చిక్కిపోతుంటే వయసు మీద పడిందనుకున్నాను. ఒకనాడు దాని ఇసుక తొట్టె చుట్టూ చీమలు బారులు తీరడం చూసి మా అత్తగారు, “అమ్మాయీ, దీనికి మీ మామగారి జబ్బే వచ్చినట్టుంది” అన్నారు.

మూత్రానికి చీమలు చేరడాన్ని చరక సంహిత ప్రమేహ పూర్వరూపాలలో పేర్కొన్నది. గుర్తు కళ్లెదుట ఉన్నా నేను పొరపాటు చేశాను. మామగారు సేవించే కాకరకాయ రసాన్నే పాలలో కలిపి పిల్లికి పట్టించాను. రెండు వారాలు వృథా అయినవి. పాఠకులు ఆ పొరపాటు చేయకూడదనే ఈ వ్యాసం.

ఎందుకు వస్తుంది?

అధిక బరువు, కదలిక లేకపోవడం ముఖ్య కారణాలు. నడివయసు దాటినవాటికి, ఆపరేషన్ చేయించిన మగపిల్లులకు ఎక్కువగా వస్తుంది. శరీరంలో ఇన్సులిన్ సరిగా పనిచేయక, క్రమంగా క్లోమగ్రంథి కణాలు అలసిపోతాయి. రక్తంలో చక్కెర సుమారు 250 మిల్లీగ్రాములు దాటిన తరువాత మూత్రంలోకి దిగి, తనతోపాటు నీటినీ లాగుకొనిపోతుంది. అందువల్లనే అంత దాహం.

గమనించవలసిన లక్షణాలు

1. శరీర బరువులో కిలోకు రోజుకు 50 మిల్లీలీటర్లకంటె ఎక్కువ నీరు త్రాగడం.
2. అతిగా మూత్రం పోయడం, అక్కడ చీమలు చేరడం.
3. ఆకలి ఉన్నా బరువు తగ్గడం.
4. వెనుక కాళ్ల మడమలు నేలకు ఆనించి నడవడం.

ఆహారం మానివేసి, వాంతులు చేసుకుంటూ మందకొడిగా పడి ఉంటే అది ప్రాణాపాయం. ఆ రోజే పశువైద్యునికి చూపించాలి.

మూత్రపిండాల వ్యాధిలోనూ, థైరాయిడ్ దోషంలోనూ ఇంచుమించు ఇవే లక్షణాలు ఉంటాయి. పైగా భయపడినప్పుడు ఆరోగ్యమైన పిల్లికి కూడా రక్తంలో చక్కెర పెరుగుతుంది. కనుక ఒక్క రక్తపరీక్షతో తేల్చక, మూత్రపరీక్ష, ఫ్రక్టోసమిన్ పరీక్ష కూడా చేయించాలి.

చికిత్స, ఆహారం

సాధారణంగా 12 గంటలకొకసారి చర్మం క్రింద ఇన్సులిన్ ఇవ్వాలి. మోతాదు వైద్యుడే నిర్ణయించాలి. మందుకు తగిన సిరంజినే వాడాలి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను 40 యూనిట్ల సిరంజితో తీస్తే మోతాదు రెండున్నర రెట్లవుతుంది. పిల్లి తిననప్పుడు వైద్యుని అడగకుండా సూది వేయరాదు. అమెరికాలో 2022, 2023 సంవత్సరాలలో నోటి ద్వారా ఇచ్చే మందులకు అనుమతి లభించింది కాని, అవి అన్ని పిల్లులకూ పనికిరావు. ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలు ఎన్నడూ వేయకండి.

పిల్లి స్వభావసిద్ధంగా మాంసాహారి. పాలన్నం, పెరుగన్నం, బిస్కట్లు దానికి తగినవి కావు. మా ఇంట మాంసం వండము. అయినా వైద్యుని సలహాపై, పిండిపదార్థాలు తక్కువగా ఉన్న డబ్బా ఆహారం తెప్పించాము. వండి పెట్టేవారు ఉప్పుకారాలు వేయరాదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం. ఉడికించిన మాంసమొక్కటే సంపూర్ణాహారం కాదని కూడా గుర్తుంచుకోవాలి.

వంటింటి సాయం

ఇన్సులిన్ ఎక్కువైతే పిల్లి తూలుతుంది, వణుకుతుంది, మూర్ఛపోవచ్చు. అప్పుడు వేలితో కొద్దిగా తేనె చిగుళ్లకు రాసి, వెంటనే వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. స్పృహ లేనప్పుడు నోట్లో ఏదీ పోయరాదు. మూర్ఛలో కొట్టుకుంటుంటే నోట్లో వేలు పెట్టరాదు. ఈ వ్యాధిలో మన వంటింటి వైద్యానికి ఉన్న చోటు ఇంతే.

త్వరగా చికిత్స ఆరంభిస్తే కొన్ని పిల్లులకు కొన్ని నెలలలో ఇన్సులిన్ అవసరమే తప్పిపోతుంది. మా బంగారుకు ఆ అదృష్టం పట్టలేదు. ఆ రెండు వారాల ఆలస్యమే కారణమో, కాదో చెప్పలేను. ఇప్పుడు ఉదయం, సాయంత్రం ఏడింటికి సూది వేయించుకుని, మళ్లీ పెరటి గోడ ఎక్కి కూర్చుంటున్నది. మీ ఇంటి పిల్లి నీళ్ల గిన్నెను ఈ పూటే ఒకసారి గమనించండి.