చేతిలో సీటు, దారిలో స్కాలర్‌షిప్

సార్వా నాట్లు పడుతున్న రోజుల్లో మా బావ ఫోన్ చేశాడు. ఉండేది ఆత్రేయపురం దగ్గర. కూతురు నీట్ రాసింది. ఢిల్లీ మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) మొదటి రౌండులో తమిళనాడులోని ఒక డీమ్డ్ కాలేజీలో సీటొస్తే వెళ్లి చేర్పించాడు. ఒరిజినల్స్ అక్కడే ఉన్నాయి. ఈలోగా విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ జాబితా వచ్చింది. అమలాపురంలో ఏ కేటగిరీ, అంటే కన్వీనర్ కోటా సీటు.

“ఆ డీమ్డ్ కాలేజీవాళ్లు సగం ఫీజు స్కాలర్‌షిప్ ఇస్తారట బావా. కాగితం నాలుగు రోజుల్లో వస్తుందంటున్నారు. అప్పటిదాకా ఇక్కడిది ఆపుకోవచ్చంటావా?”

ఇక్కడ చేరడానికి గడువు మూడు రోజులే ఉంది.

ఇలాంటి ఫోన్లు ఏటా వస్తాయి కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను. సలహా చెప్పబోయే ముందు లెక్క వేయండి. మా బావకీ అదే చెప్పాను: కొబ్బరి దింపు లెక్క రాసుకునే నోట్‌బుక్‌లోనే వెనక పేజీ తియ్యమన్నాను. అక్కడ ఏడాది ఫీజు 22 లక్షలు. సగం మాఫీ అయితే 11 లక్షలు. నాలుగున్నరేళ్ల చదువుకి దాదాపు 50 లక్షలు, హాస్టలూ మెస్సూ కాకుండా. ఆ పైన ఏడాది ఇంటర్న్‌షిప్. ఇక్కడ ఏ కేటగిరీలో ట్యూషన్ ఫీజు వేలల్లో ఉంటుంది. పెద్ద స్కాలర్‌షిప్ అంటే అసలు ఆ సీటే. ఆ మాట చెప్తే అవతల కాసేపు చప్పుడు లేదు. పంచాయితీ వాళ్ల మోటారు మోత మాత్రం వినబడింది.

మనవాళ్ల తికమక ఎక్కడంటే, స్కాలర్‌షిప్ ముందు తేలుతుంది, దాన్నిబట్టి సీటు తేల్చుకోవచ్చు అనుకుంటారు. మన రాష్ట్రంలో నడిచే పద్ధతి తలకిందులు. చేరాకే దరఖాస్తు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి జ్ఞానభూమి పోర్టల్లో పేరెక్కాలంటే ముందు కాలేజీలో పేరుండాలి. 2019లో రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన షరతుల ప్రకారం ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు, మాగాణి 10 ఎకరాలు దాటకూడదు, సొంత కారు ఉండకూడదు. ట్రాక్టరుకి మినహాయింపు ఇచ్చారు, అదొక్కటి మన డెల్టా రైతుకి ఊరట. యాజమాన్య కోటాలో, అంటే బీ కేటగిరీలో చేరినవారికి ఆ సాయం వర్తించదు. “బీ కేటగిరీలో చేర్పించేద్దాం, తర్వాత గవర్నమెంటు ఇస్తుందిలే” అనుకునేవాళ్లు ఈ వాక్యం దగ్గర ఆగాలి. రాజమండ్రి, ఏలూరుల్లో 2023లో మొదలైన కాలేజీలు సర్కారువే. అయినా అప్పుడు సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకి పెట్టిన ఫీజు ఏడాదికి 12 లక్షలు. బోర్డు మీద ప్రభుత్వం పేరు చూసి ఉచితం అనుకుని ఆప్షన్లు పెట్టకండి.

కేంద్రం నుంచి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ ద్వారా వచ్చే సాయాల్లో ఒకటి మొదటి మూడేళ్లూ ఏడాదికి 12 వేలు. పుస్తకాలకి సరిపోతుంది, దరఖాస్తు పెట్టండి. సీటు నిర్ణయం మాత్రం దానిమీద పెట్టకండి.

ఇక కాలేజీయో ట్రస్టో ఇస్తామనే సాయం. నేనైతే నాలుగు మాటలు అడుగుతాను. మొదటి ఏడాదికేనా, కోర్సంతానా? ఒక సబ్జెక్టు తప్పితే ఆగిపోతుందా? హాస్టల్ కలుస్తుందా? ఇవన్నీ కాగితం మీద ఎప్పుడిస్తారు? నాలుగో ప్రశ్నకి “త్వరలో” అంటే, అది లేనట్టే లెక్కేసుకోండి. సీటు వదలడానికి నోటీసులో ఇచ్చిన ఆఖరి తేదీకి రెండు రోజుల ముందు క్యాలెండర్లో గీత గీసుకోండి. ఆ రోజు సాయంత్రానికి ఉత్తరం రాకపోతే అడగడం ఆపేయండి. ఆ రెండు రోజులు ఎందుకంటే మన ఊళ్ల సంగతి మనకి తెలుసు: అది గోదావరి వరదల కాలం, లంకల్లో కరెంటు పోతుంది, నెట్ పోతుంది.

సీటు వదులుకోవడానికి మొదటి రౌండులో ఉన్న వెసులుబాటు తర్వాత ఉండదు. అప్‌గ్రేడేషన్‌కి సరే అని టిక్ పెట్టారో, రెండో రౌండులో కొత్తది వస్తే పాతది దానంతటదే పోతుంది. “పెడితే పోయేదేముంది” అనుకుని పెట్టి, దగ్గరి కాలేజీ పోగొట్టుకుని ఏడ్చిన తల్లిని చూశాను. నిజంగా వెళ్లాలనుకోని కాలేజీని ఆప్షన్లలో ఉంచకండి.

వదలడం కూడా సరిగ్గా వదలాలి. మా బావ తమిళనాడు కాలేజీకి వెళ్లి తెల్లకాగితం మీద రాజీనామా రాసిచ్చి ఒరిజినల్స్ తీసుకుని బయల్దేరబోయాడు. ఆఫీసులో గుమాస్తా కూడా “అయిపోయిందండీ” అన్నాడట. అవలేదు. ఎంసీసీ పోర్టల్లో కాలేజీ వాళ్లు ఆన్‌లైన్లో తీసిన రాజీనామా ఉత్తరమే చెల్లుతుంది. లేకపోతే రికార్డులో పిల్ల అక్కడే చదువుతున్నట్టు. నేను ఫోన్లో గట్టిగా చెప్తే వెనక్కెళ్లి కూర్చున్నాడు, గంటన్నర తర్వాత ప్రింటు చేతికొచ్చింది.

అన్నట్టు, ఇంత హడావిడిలో పిల్లని ఎవరూ అడగలేదు. నేనడిగాను. “అమలాపురమైతే ఆదివారం ఇంటికొచ్చేయొచ్చు కదా మామయ్యా” అంది. అది మా నోట్‌బుక్‌లో లేదు.

ఆ రాత్రే రైలెక్కారు. స్కాలర్‌షిప్ ఉత్తరం ఆరో రోజున వాట్సాప్‌లో వచ్చింది: మొదటి ఏడాదికి మాత్రమే, పావు వంతు.